పెళ్లి వజ్రపుటుంగరం: అపోహలు - వాస్తవాలు

అపోహ: క్యారెట్లు ఎక్కువుంటే రాయి పెద్దగా కనిపిస్తుంది.
వాస్తవం: క్యారెట్ అనేది బరువు. 200 మిల్లీగ్రాములు ఒక క్యారెట్, అదే వంద సెంట్లు. చక్కగా సానపట్టిన గుండ్రటి ఒక క్యారెట్ రాయి అడ్డంగా దాదాపు 6.5 మిల్లీమీటర్లు ఉంటుంది. బరువు పోకూడదని అడుగుభాగం లోతుగా వదిలేస్తే అదే క్యారెట్ రాయి చిన్నగా కనబడుతుంది, పైగా నడిమధ్య నల్లబడుతుంది. లోతు మరీ తగ్గితే లోపల చేపకన్నులా బూడిదరంగు వలయం తేలుతుంది. మెరుపంతా కట్‌లోనే, అంటే సానపట్టిన తీరులోనే ఉంది కాబట్టి గుండ్రటి రాయికి సర్టిఫికెట్‌లో కట్ 'ఎక్సలెంట్' అని ఉందా లేదా చూడండి. షాపులోని స్పాట్‌లైట్ల కింద గాజుముక్క కూడా మెరుస్తుంది. ఉంగరాన్ని గుమ్మం దాకా తెచ్చి నీడపట్టున చూడండి.

అపోహ: 'యాభై సెంట్ల ఉంగరం' అంటే యాభై సెంట్ల రాయి.
వాస్తవం: ఏడేసి సెంట్ల రాళ్లు ఏడు దగ్గరగా పొదిగితే దూరం నుంచి ఒక్క పెద్ద రవ్వలాగే ఉంటుంది. మొత్తం బరువు 49 సెంట్లు. కానీ రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ ధరే పెరుగుతుంది కనుక దీని ఖరీదుకూ ఒంటి యాభై సెంట్ల రాయి ఖరీదుకూ పొంతన ఉండదు. రాళ్లెన్ని, ఒక్కోటి ఎన్ని సెంట్లు అన్నది బిల్లులో రాయించుకోండి.

అపోహ: ఈఎఫ్-వీవీఎస్ కాకపోతే కొనకూడదు.
వాస్తవం: ఈ, ఎఫ్ రంగు గ్రేడ్లు; వీవీఎస్, దాని తర్వాతి వీఎస్ లోపలి మచ్చలు ఎంత తక్కువో చెప్పే గ్రేడ్లు. ఆ రెంటికీ తేడా పది రెట్లు పెంచి చూపే భూతద్దంలోనే తెలుస్తుంది. పసుపు బంగారంలో పొదిగాక జి, హెచ్ రంగులు కూడా తెల్లగానే ఉంటాయి. మిగిలిన డబ్బు కట్ మీద పెట్టడం మేలు. దీర్ఘచతురస్రపు ఎమరాల్డ్ కట్ వజ్రానికి మాత్రం ఈ సలహా వర్తించదు: దాని పలకలు వెడల్పు, లోపలి మచ్చ దాగదు.

అపోహ: హాల్‌మార్క్ ఉంటే వజ్రానికీ హామీ ఉన్నట్టే.
వాస్తవం: హాల్‌మార్క్ బంగారానికే. ఉంగరం లోపల బీఐఎస్ గుర్తు, 18కే750 (18 క్యారెట్ల స్వచ్ఛత, వెయ్యిలో 750 వంతులు బంగారం; ఈ క్యారెట్ బరువు కాదు), ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. 22 క్యారెట్లలోనే చేయించమని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు, కానీ ఆ బంగారం మెత్తన, రాయిని పట్టుకునే ప్రాంగ్‌లు త్వరగా వంగిపోతాయి. బరువు దగ్గర ఇంకో మెలిక: ఉంగరం 4.200 గ్రాములు, రాళ్లు 50 సెంట్లు అయితే బంగారం 4.100 గ్రాములే. బంగారం ధరా తరుగూ లెక్కకట్టాల్సింది దాని మీదే.

అపోహ: టెస్టర్ పెన్ను కూస్తే అసలు వజ్రమే.
వాస్తవం: ఆ పెన్ను చూసేది వేడి ఎంత త్వరగా పాకుతుందన్నదే. వజ్రంలాగే కనిపించే మాయిసనైట్ అనే వేరే రాయికీ అది కూస్తుంది. భూతద్దంలో ఏటవాలుగా చూస్తే మాయిసనైట్ వెనక గీతలు జంటలుగా కనిపిస్తాయి. ల్యాబ్ గ్రోన్ వజ్రం, అంటే ప్రయోగశాలలో పెంచినది, నకిలీ కాదు, అదీ కార్బనే, అంతే గట్టిది. గనిలోంచి తీసిన వజ్రంతో పోలిస్తే ధరే బాగా తక్కువ. కంటితో పోల్చుకోలేం. వజ్రాలను పరీక్షించే ఐజీఐ, జీఐఏ సంస్థల సర్టిఫికెట్ నంబరు ఆ సంస్థ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, రాయి నడుము మీద చెక్కిన నంబరుతో పోల్చండి. తిరిగిస్తే ఎంత ఇస్తారో కొనేనాడే కాగితం మీద పెట్టించండి.

అపోహ: బెల్జియం వజ్రం, గోల్కొండ వజ్రం అంటే మేలురకం.
వాస్తవం: ఇప్పుడు ప్రపంచపు వజ్రాల్లో అత్యధికం సానపట్టేది సూరత్‌లో. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు మూతబడి తరాలు గడిచాయి. ఊరి పేరుకు డబ్బు కట్టక్కర్లేదు.

అపోహ: వజ్రం పగలదు.
వాస్తవం: గీత పడదు, అంతే. కొన్ని దిశల్లో దెబ్బ తగిలితే చీలుతుంది. చతురస్రపు ప్రిన్సెస్ కట్ మూలలు మరీ సున్నితం, వాటికి వి ఆకారపు ప్రాంగ్‌లు కావాలి. నలుగు పెట్టేటప్పుడు ఉంగరం తీసేయండి: జిడ్డు వజ్రానికి ఇట్టే అంటుకుని మెరుపు చచ్చిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రవం వేసి ఇరవై నిమిషాలు నాననిచ్చి, మెత్తటి బ్రష్‌తో రాయి అడుగునుంచి రుద్దాలి. కుంకుడు రసమైనా సరే.

అపోహ: సైజు తర్వాత మార్చుకోవచ్చులే.
వాస్తవం: ఒకటి రెండు సైజులైతే సరే. చుట్టూ రాళ్లున్న ఉంగరాన్ని మార్చడం దాదాపు అసాధ్యం. ఎండకు వేళ్లు ఉబ్బుతాయి కాబట్టి కొలత సాయంత్రం తీయించండి, కణుపు దాటేలా చూసుకోండి.