ఆంప్, స్పీకర్, గది: జత కుదర్చడంలో అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఆడియో సిస్టమ్‌లు బిగించడం నా పని. అక్కడ తరచూ వినే మాటలివి.

అపోహ: వాట్స్ ఎక్కువుంటే సౌండ్ అదిరిపోతుంది.

వాస్తవం: ముందు స్పీకర్ సెన్సిటివిటీ చూడండి. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో చెప్పే అంకె అది. 90 ఉన్న స్పీకర్‌కు 25 వాట్లు సరిపోయే చోట, 84 ఉన్నదానికి 100 వాట్లు కావాలి. ఆంప్‌ను (ఆంప్లిఫయర్‌ను) 50 వాట్ల నుంచి 100కు మార్చినా పెరిగేది 3 డెసిబెల్సే. ఇంత డబ్బు పోసి ఇంతేనా అనిపిస్తుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొనేటప్పుడు పెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని వేల వాట్లు కనిపిస్తే నమ్మకండి. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) ఎంత, అది ఎన్ని ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) దగ్గర అని అడగండి. స్పీకర్ వెనక 8 ఓమ్స్ అని ఉన్నా, కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర అది 4 దాకా పడిపోవచ్చు. ఆంప్ ఆ లోడ్‌ను తట్టుకోవాలి.

అపోహ: చిన్న ఆంప్ అయితే స్పీకర్‌కు భయం లేదు.

వాస్తవం: పవర్ చాలక వాల్యూమ్ చివరిదాకా తిప్పితే ఆంప్ క్లిప్ అవుతుంది, అంటే తరంగం కొసలు తెగి సౌండ్ పగులుతుంది. ముందు పోయేది ట్వీటరే (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్).

అపోహ: బాస్ గుమ్ముమంటోందా, ఆంప్ మార్చాలి.

వాస్తవం: చాలాసార్లు తప్పు గదిది. 12 అడుగుల చదరపు బెడ్‌రూమ్ తీసుకోండి. పొడవులోనూ వెడల్పులోనూ 47 హెర్ట్జ్ దగ్గరే, అంటే లోతైన బాస్‌లోనే, ధ్వని పేరుకుంటుంది. గోడల దగ్గర అది మరీ ఎక్కువ. మన ఇళ్లలో సోఫా ఉండేదీ, స్పీకర్లు ఉండేదీ అక్కడే. మొన్న ఒకరింట్లో మృదంగం నాదం ముద్దగా వస్తోందని కొత్త ఆంప్ కొనబోయారు. సోఫాను రెండడుగులు ముందుకు జరిపి, స్పీకర్లను గోడ నుంచి లాగాం. వాటికి వెనకవైపు పోర్ట్ (బాస్ బయటికొచ్చే రంధ్రం) ఉంది కాబట్టి తేడా ఇంకా బాగా తెలిసింది. మృదంగం రెండు వైపుల దెబ్బలూ విడివిడిగా వినిపించాయి. తర్వాత టైల్స్ మీద మందపాటి కార్పెట్ పరిస్తే, చెవిలో గుచ్చుకునే పదును కూడా తగ్గింది. పాత ఆంపే ఇంకా అక్కడ ఉంది.

అపోహ: ఖరీదైన కేబుల్ వేస్తేనే సిస్టమ్ మెరుగవుతుంది.

వాస్తవం: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి రెసిస్టెన్స్ 0.07 ఓమ్. 8 ఓమ్స్ స్పీకర్‌కు అది లెక్కలోకి రాదు. రాగి పూత వేసిన అల్యూమినియం కాకుండా చూసుకుంటే చాలు.

అపోహ: అన్నీ ఒకే బ్రాండ్ కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. హోమ్ థియేటర్‌లో ముందున్న మూడు స్పీకర్లు మాత్రం ఒకే సిరీస్‌వి తీసుకోండి. లేదంటే మాట ఎడమ నుంచి మధ్యకు వచ్చేసరికి గొంతే మారిపోతుంది.

అపోహ: టర్న్‌టేబుల్‌ను (రికార్డు ప్లేయర్‌ను) ఏ ఇన్‌పుట్‌కైనా కలపొచ్చు.

వాస్తవం: సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది. టర్న్‌టేబుల్ సూది ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జ్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. ఆ చిన్న సిగ్నల్‌ను పెంచి, దాన్ని తిరిగి సరిచేసేది ఫోనో స్టేజే. ఆంప్‌లోగానీ టర్న్‌టేబుల్‌లోగానీ అది లేకపోతే, విడిగా ఫోనో ప్రీఆంప్‌కు కూడా బడ్జెట్‌లో చోటు పెట్టుకోండి.