శుక్రవారం మూత పెడితే శనివారం మధ్యాహ్నం దాకా

శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు చాలా యూదుల ఇళ్లలో వారానికొకసారి వచ్చే విశ్రాంతి దినం, సబ్బాతు కోసం దీపాలు వెలిగిస్తారు. అప్పటి నుంచి శనివారం చీకటిపడి చుక్కలు పొడిచేదాకా, దాదాపు 25 గంటలు, నిప్పు రాజేయరు, వంట చేయరు. అయితే ముందే వెలిగించిన మంట మీద ముందే ఎక్కించిన గిన్నె అలాగే ఉండొచ్చని రబ్బీలు, అంటే యూదు మత పండితులు, తేల్చారు. కరాయీ అనే యూదు శాఖ పూర్వం దీనికి ఒప్పుకోక ఆ రోజంతా చల్లటి తిండే తినేది. మిగతావాళ్లు మాత్రం శనివారం మధ్యాహ్నం వేడి వంటకం తినితీరాలని పట్టుబట్టారు. తూర్పు యూరప్‌లో అది చోలెంట్, స్పెయిన్ నుంచి వలస వెళ్లినవాళ్లలో హమీన్, మొరాకోలో దఫీనా. మన గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రాంతంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం అనే యూదు వర్గపు కుటుంబాలూ సబ్బాతు పాటిస్తాయి.

మామూలు చోలెంట్‌కి కొవ్వున్న మాంసం, ఎముకలే బలం. మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ ముట్టని వీగన్ అతిథి వస్తున్నారంటే ఇంట్లో డబ్బాల్లో ఉన్న గింజలు, బార్లీ, ఎండు పుట్టగొడుగులతోనే పని కానివ్వొచ్చు. రుచికి లోటేమీ ఉండదు. చిక్కల్లా ఒక్కటే. ఒకసారి మూత పెట్టాక ఉప్పు చాలలేదని వేయడానికీ, అడుగంటుతోందని కలపడానికీ వీలుండదు. చాలామంది నీళ్లు కూడా పోయరు. రాత్రి ఆ గిన్నెలో ఏం జరగబోతోందో శుక్రవారం మధ్యాహ్నమే లెక్క వేసుకోవాలి.

ముందుగా రాజ్మా సంగతి, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. సరిగా ఉడకనివి నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. గింజ మెత్తబడింది కదా, విషం పోయిందనుకోకూడదు. 80 డిగ్రీల దగ్గర ఆగిపోయిన రాజ్మా పచ్చిదానికంటే ఐదు రెట్లు విషపూరితం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిస్తోంది. స్లో కుక్కర్‌లో వంటకం లోపలి వేడి చాలాసార్లు 75 డిగ్రీలు కూడా దాటదు. నానబెట్టిన రాజ్మాను నేరుగా అందులో వేసి రాత్రంతా వదిలేయడం అందుకే ప్రమాదం. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు తెర్లకాచాలి. తెల్ల చిక్కుడు గింజల్లో ఈ ప్రోటీన్ తక్కువే అయినా వాటికీ ఇదే పద్ధతి పాటించడం మంచిది. డబ్బాలో వచ్చే ఉడికించిన గింజలకు ఈ భయం లేదు.

ఇక్కడ యూదు ధర్మశాస్త్రం కూడా దాదాపు ఇదే మాట చెబుతుంది. వంటకం సబ్బాతుకు ముందే ఎంత ఉడికి ఉండాలి అన్న చర్చలో యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్మూద్, బెన్ ద్రోసాయ్ అనే బందిపోటును ప్రస్తావిస్తుంది. అతను తొందరలో మూడో వంతు ఉడికిందే తినేసేవాడట, సగం అని మరో లెక్క. ఆ మాత్రమైనా ఉడికిన గిన్నెనే పొయ్యి మీద వదలాలని చాలామంది పాటిస్తారు. వీగన్ చోలెంట్‌కి సగానికి పైనే ఉడికించడం నయం.

దానికి మరో కారణం టమాటా. చింతపండు పులుసు ముందే పోస్తే కందిపప్పు ఉడకదని మన వంటింట్లో అందరికీ తెలుసు. గింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్ పులుపులో తేలిగ్గా కరగదు. నీళ్లలోని కాల్షియం కూడా దాన్ని బిగిస్తుంది. మామూలు రోజైతే పులుపు చివర్లో వేస్తాం. సబ్బాతు గిన్నెకు ఆ చివర అనేది శుక్రవారం మధ్యాహ్నమే. గింజ రెండు వేళ్ల మధ్య నొక్కితే చితికేదాకా ఉడికించి, ఆ తర్వాతే టమాటా పేస్టు కలపాలి. గురువారం రాత్రి లీటరు నీళ్లకు రెండు చెంచాల ఉప్పు వేసి నానబెడితే సోడియం కాల్షియాన్ని తప్పించి తొక్కను మెత్తబరుస్తుంది. నీళ్లు గట్టివైతే చిటికెడు వంటసోడా చాలు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

ఆరుగురికి తెల్ల చిక్కుడు గింజలు 200 గ్రాములు, కాబూలీ శనగలు 100, బార్లీ 150, బంగాళదుంపలు 750, పెద్ద ఉల్లిపాయలు మూడు, ఒలిచిన వెల్లుల్లి ఒక గడ్డ, ఎండు పుట్టగొడుగులు 20 గ్రాములు, నూనె 80 మిల్లీలీటర్లు, టమాటా పేస్టు రెండు పెద్ద చెంచాలు, కారం లేని పాప్రికా ఒక పెద్ద చెంచా, జీలకర్ర పొడి, మిరియాల పొడి, ఉప్పు. గింజలు ఏరి పురుగు, రాయి చూసుకోవడం కూడా ముందే కావాలి, సబ్బాతు నాడు ఏరడం కూడా నిషిద్ధమే. ఉల్లిపాయలను నూనెలో ముదురు గోధుమరంగు వచ్చేదాకా, 25 నిమిషాలైనా, వేయించాలి. మాంసం లేని లోటును తీర్చేది ఈ వేపుడే, దీనికి తొందరపడొద్దు. పుట్టగొడుగులు నానిన నీళ్లు వడగట్టి పోయాలి. వాటిలోని గ్లుటమేట్, గ్వానిలేట్ కలిస్తే మాంసపు రసం లాంటి నిండుదనం వస్తుంది.

గిన్నె అడుగున బంగాళదుంపలను సగాలుగా కోసి పరవాలి. బార్లీ అడుగుకు దిగితే దాని పిండి అంటుకుని మాడిపోతుంది, దుంపలు ఆ వేడిని అడ్డుకుంటాయి. వాటి మీద గింజలు, బార్లీ, వేపుడు వేయాలి. నీళ్లు అన్నిటికంటే రెండు అంగుళాల పైకి ఉండాలి. శుక్రవారం సాయంత్రం చూస్తే పలుచగా చారులా అనిపిస్తుంది. అలాగే ఉండాలి. బార్లీలోని బీటా గ్లూకాన్ రాత్రంతా నీళ్లు తాగి జిగురుగా చిక్కబడుతుంది. సాయంత్రమే చిక్కగా ఉందంటే తెల్లారేసరికి అడుగంటడం ఖాయం.

ఒక పొంగు వచ్చాక మూత కింద రేకు బిగించి, బ్లెక్ మీదికి మార్చాలి. బ్లెక్ అంటే మంటను, వీలైతే మీటలను కూడా కప్పే లోహపు పలక. మంటను ఎవరూ పొరపాటున పెంచకుండా అది గుర్తుచేస్తుంది. వేడి నిలవాలని గిన్నె చుట్టూ దుప్పటి కప్పకూడదు, నిప్పు ప్రమాదం సరేసరి, అది సబ్బాతు నియమానికీ విరుద్ధం. దీపాల వేళకు గంట ముందే పలక మీద పెట్టి థర్మామీటరుతో చూస్తే 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాలి. ఓవెన్ అయితే 105 డిగ్రీలు సరిపోతుంది. 18 గంటలు ఇలా ఉంటే నీరు మరిగే వేడి లేకపోయినా చక్కెరలు, అమైనో ఆమ్లాలు మెల్లగా మెయిలార్డ్ చర్యలో, అంటే తిండికి గోధుమరంగు, కమ్మదనం తెచ్చే రసాయన చర్యలో, కలుస్తాయి. దుంప నడిమి దాకా తేనెరంగు తిరుగుతుంది.

రొట్టెలు రెండు కావాలి. హల్లా అనే ఈ సబ్బాతు రొట్టెను గుడ్లు లేకుండా చేయడానికి మైదా 500 గ్రాములు, నీళ్లు 220 మిల్లీలీటర్లు, శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లు 60, నూనె 60, చక్కెర 40 గ్రాములు, ఉప్పు 9, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7. శనగ నీళ్లలోని ప్రోటీన్లు, సపోనిన్లు గుడ్డు పనిలో కొంత చేస్తాయి. పైన సోయా పాలలో కాస్త చక్కెర కలిపి పూస్తే రంగు వస్తుంది. 180 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి.

కొన్న సరుకుల మీద ‘పార్వే’ అని ఉంటే వీగన్ అనుకోవద్దు. పాలు, మాంసం లేవని మాత్రమే దానర్థం. గుడ్లు, చేపలు, తేనె ఉండొచ్చు. కోషర్ వైన్‌ను, అంటే యూదు ఆహార నియమాల ప్రకారం చేసినదాన్ని కూడా, గుడ్డు తెల్లసొనతో తేటపరిచి ఉండొచ్చు, సీసా మీద చూసుకోవాలి.

మధ్యాహ్నం వడ్డించాక మిగిలింది పొయ్యి మీంచి దించి అలా వదిలేయకూడదు. మరిగినా చావని క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ బీజాలు 60 డిగ్రీల కంటే దిగగానే మేలుకుని, 45 డిగ్రీల దగ్గర చాలా వేగంగా పెరుగుతాయి. వెడల్పాటి పళ్లాల్లో పలుచగా తీసి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. సబ్బాతు మూడో భోజనానికి శుక్రవారమే రుబ్బి పెట్టుకున్న హుమ్ముస్, అంటే ఉడికించిన శనగల ముద్ద, చాలు. శనగల్లోని పిండి చల్లబడి గట్టిపడుతుంది కాబట్టి, రుబ్బేటప్పుడే అదనంగా మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి జారుగా ఉంచాలి.