నరం తెగితే: అపోహలు, వాస్తవాలు

గాజు గ్లాసు పగిలి మణికట్టు కోసుకున్నవాళ్లు ఓపీలోకి రాగానే "నరం తెగిందండీ" అంటారు. ఏ నరమో మేం వెతుక్కోవాలి. మన వాడుకలో రక్తనాళమూ నరమే, వేలిని మడిచే టెండన్ కూడా నరమే, స్పర్శను మోసే అసలు నరమూ నరమే. మొదటిది తెగితే రక్తం కారుతుంది, రెండోది తెగితే వేలు మడవలేరు. మూడోది తెగితే పైకి ఏమీ కనిపించదు, వేలు మొద్దుబారుతుంది అంతే. చేతి సర్జన్‌గా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మూడోదే.

అపోహ: రక్తం ఆగింది, కుట్లు పడ్డాయి, గండం గడిచింది.

వాస్తవం: చర్మం మానడం వేరు, లోపలి నరం అతకడం వేరు. ఒక వడ్రంగి గాయమైన నాలుగు నెలలకు నా దగ్గరికి వచ్చాడు. మచ్చ సన్నగా, చక్కగా మానింది. కానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దు. బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగి చదునైపోయింది. మేకుల డబ్బాలో చెయ్యి పెడితే మేకు దొరికిందో లేదో కళ్లతో చూస్తేగానీ తెలియట్లేదన్నాడు. ఆ వేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నరం పూర్తిగా తెగింది. కుట్లు వేసిన రోజు ఎవరూ అతని వేలి కొసలు తాకి చూడలేదు.

అది అర నిమిషం పని. మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే కళ్లు మూయించి, దూదితో ప్రతి వేలి కొసనూ తాకి, రెండో చేతితో పోల్చి అడగాలి. డాక్టర్ మరిచిపోతే మీరే గుర్తుచేయండి, మొహమాటపడొద్దు. మాటల్లో చెప్పలేని చిన్నపిల్లలైతే, గాయం మానాక చెయ్యి కాసేపు నీళ్లలో ఉంచి చూడండి. నరం తెగిన వేలు మిగతా వేళ్లలా ముడతలు పడదు.

అపోహ: తెగిన నరం మళ్లీ అతకదు.

వాస్తవం: అతుకుతుంది. మైక్రోస్కోప్ కింద నరం కరెంటు కేబుల్‌లా ఉంటుంది: పైన తొడుగు, లోపల సన్నని కట్టలు. తొడుగు మీద పాకే చిన్న రక్తనాళాన్ని గుర్తుగా పెట్టుకుని, కొసలు మెలి పడకుండా, వెంట్రుక కంటే సన్నని దారంతో కలుపుతాం. బలవంతంగా లాగి కుడితే సరిగా మానదు. మధ్యలో ఖాళీ ఉంటే పిక్క వెనక నుంచి సూరల్ నరం తీసి అతుకు వేస్తాం. దానివల్ల పాదం బయటి అంచు కాస్త మొద్దుబారుతుంది.

అపోహ: కుట్టగానే స్పర్శ వచ్చేస్తుంది.

వాస్తవం: కోతకు అవతల ఉన్న నరపు పోగులు, కుట్టినా సరే, చచ్చిపోతాయి. 1850లోనే ఆగస్టస్ వాలర్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలు కోసి ఈ సంగతి చూపించాడు. మిగిలిన ఖాళీ గొట్టాల్లోకి పైనుంచి కొత్త పోగులు పెరగాలి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున. మణికట్టు నుంచి వేలి కొస దాకా ఆరు నెలల పైమాటే. మూడో నెలలో "ఆపరేషన్ ఫెయిలైందా డాక్టర్‌గారూ" అని టెన్షన్ పడేవాళ్లకి, నరం దారి వెంట వేలితో తట్టి చూపిస్తాను. ఒకచోట జివ్వుమని షాక్ కొట్టినట్టుంటుంది. పెరుగుదల అక్కడిదాకా వచ్చిందన్నమాట. నెల తర్వాత ఆ చోటు ముందుకు జరిగితే ఇద్దరికీ ధైర్యం. చిన్నపిల్లల్లో ఫలితం బాగుంటుంది, పెద్దవాళ్లలో కొంత లోటు మిగులుతుంది. మునుపటిలా అవుతుందని నేను మాటివ్వను.

అపోహ: తొందరేముంది, ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

వాస్తవం: కండ అంతకాలం ఆగదు. ఏడాది, ఏడాదిన్నర దాటినా నరం అందకపోతే అది కోలుకోవడం కష్టం. బైక్ మీద నుంచి పడి మెడ దగ్గర నరాలు తెగిపోయినవాళ్లకి దూరమే శత్రువు. భుజం, మోచెయ్యి పడిపోయి అరచెయ్యి బాగానే ఉంటే, చిటికెనవేలి వైపుగా అరచేతికి వెళ్లే ఉల్నార్ నరంలోంచి ఒక కట్టను మోచేతిని మడిచే కండ నరానికి దగ్గర్లోనే కలుపుతాం. ఒబెర్లిన్ అనే ఫ్రెంచ్ సర్జన్ 1994లో ప్రచురించిన పద్ధతి ఇది. మొదటి ఆరు నెలల్లో చేస్తే మంచిది.

అపోహ: బి12 మాత్రలు, నూనె మర్దనతో నయమవుతుంది.

వాస్తవం: తెగిన కొసల్ని ఏ మాత్రా కలపలేదు. ఫిజియోథెరపీ మాత్రం మానొద్దు, కీళ్లు బిగుసుకుపోతే నరం వచ్చినా వేలు కదలదు. ఈలోగా ఆ వేలికి వేడి తెలియదు. టీ గ్లాసు రెండో చేత్తోనే పట్టుకోండి, పొయ్యి దగ్గర ఆ చెయ్యి పెట్టకండి.