తాయి

వారం రోజులుగా మా పాప నోట ఒకటే మాట, "తాయి". ఇరవై నెలల పిల్ల. తాయిలం అడుగుతోందనుకుని మా అమ్మ బెల్లం ముక్క చేతిలో పెట్టింది. బెల్లం వద్దనే రకం కాదు కాబట్టి నోట్లో వేసుకుంది. కానీ గ్లాసు బోర్లించి చూపిస్తూ మళ్ళీ "తాయి" అంది. చివరికి పక్కింటి మావుసి (ఒడియాలో పిన్నిని అలా పిలుస్తారు) విడమరిచి చెప్పింది. అది "ఖాలి" అట. మనం ఖాళీ అనేదాన్నే ఒడియాలో అలా అంటారు. పాప నోటికి ఇంకా క తిరగదు, త అవుతుంది. ల కాస్తా య అయింది.

మాది బరంపురం. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు చేరిన ఊరు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. "రెండు భాషలు కలిపేస్తే పిల్ల తికమకపడుతుంది, అందుకే మాటలు ఆలస్యం" అని చుట్టాల్లో ఒకరు అన్నప్పటి నుంచి నాకు టెన్షన్. ఆ టెన్షన్‌తోనే ఈ విషయం మీద దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే నన్ను ఆపేసింది జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో చేసి 1984లో ప్రచురించిన ప్రయోగం. ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీలోని త, ట వినిపించారు. శబ్దం మారినప్పుడు తల తిప్పి చూస్తే పక్కనున్న బొమ్మ వెలుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి పట్టగలిగినవాళ్ళు కొద్దిమందే. అలాగని చెవి మొద్దుబారిపోయిందని కాదు. తన చుట్టూ ఉన్నవాళ్ళ మాటల్లో ఏ తేడాలకు పని ఉందో మెదడు వాటికే పదును పెట్టుకుంటుంది.

త, టల విషయంలో మనకు బెంగ లేదు. మన చిక్కంతా ఒత్తులతోనే. రాతలో ఖ ఉన్నా, రోజువారీ మాటలో మనలో చాలామంది కాళీ అనే అంటాం. ఒడియాలో అలా కుదరదు. కాలి అంటే నిన్న లేదా రేపు, ఖాలి అంటే ఏమీ లేనిది. పుట్టినప్పటి నుంచి మావుసి ఒళ్ళో ఆడిన పిల్లకు ఆ తేడా వినిపించే అవకాశం నాకంటే ఎక్కువ.

ఇంతకీ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పిల్లకు ఎలా తెలుస్తుంది? మనం మాటకీ మాటకీ మధ్య ఆగం. "బువ్వతిందాంరా" అని ఒకే ఊపులో అంటాం. 1996లో జెన్నీ శాఫ్రాన్, ఇద్దరు సహచరులు ఎనిమిది నెలల పిల్లలకు అర్థం లేని మాటలను, బిడాకు, పడోటి లాంటివి, ఎక్కడా విరామం లేకుండా గుదిగుచ్చి వినిపించారు. రెండే నిమిషాలు. ఏ శబ్దం వెనక ఏది తప్పకుండా వస్తోందో పిల్లలు పట్టుకోగలిగారు. మా ఇంటి లెక్కలో చూస్తే, బు తర్వాత వ్వ వస్తూనే ఉంటుంది. వ్వ తర్వాత మాత్రం తిందాం రావచ్చు, పెట్టనా రావచ్చు, "అయిపోయిందే గుంటా" అని మా అమ్మ గొంతూ రావచ్చు. అతుకు ఉన్నది అక్కడే.

అయితే కొత్త భాష శబ్దాల తేడా ఫోను ముందు కూర్చోబెడితే అంత తేలిగ్గా అంటదు. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, తొమ్మిది నెలల అమెరికా పిల్లలతో చైనా భాష మాట్లాడేవాళ్ళు పన్నెండుసార్లు కూర్చుని ఆడారు, పుస్తకాలు చదివి వినిపించారు. ఆ పిల్లలు చైనా శబ్దాల తేడా నేర్చుకున్నారు. అవే మాటలు టీవీలో విన్నవాళ్ళకు ఏమీ అంటలేదు. ఇది చదివాక మా ఇంట్లో అన్నం వేళ ఫోను పెట్టడం తగ్గింది. మానేశామని చెబితే అబద్ధం.

తికమక మాటకు వస్తే, పాపకు నీళ్ళు తెలుసు, పాణి తెలుసు. చుట్టాలు తెలుగు మాటలే లెక్కపెట్టి తక్కువ అన్నారు. రెండు భాషల పిల్లల మాటలు రెండు వైపులా కలిపి లెక్కపెట్టాలి. అలా చూస్తే ఒక్క భాష పిల్లలకు తీసిపోరు. "పాణి కావాలి" అన్నా కంగారు పడనక్కర్లేదు, చేతిలో ఉన్న మాటతో పని జరుపుకుంటున్నారంతే. మాటలు నిజంగానే ఆలస్యమైతే నెపం రెండో భాష మీద వేయకుండా డాక్టరుకు చూపించాలి, వినికిడి పరీక్ష చేయించాలి.

పిల్లల నోటిని బట్టి చెవిని అంచనా వేయకూడదని ఇంకో సంగతి. 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ ఒక పిల్లవాడి గురించి రాశారు. వాడు తన ప్లాస్టిక్ చేపను ఫిష్ అనలేక ఫిస్ అనేవాడు. పెద్దవాళ్ళు కూడా ఫిస్ అంటే ఒప్పుకునేవాడు కాదు. ఫిష్ అంటేనే సరేననేవాడు.

నిన్న సాయంత్రం నేనూ చూద్దామనుకున్నాను. పాప గ్లాసు చూపించగానే "తాయా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "కాళీయా?" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, గ్లాసు పట్టుకుని మావుసి వాళ్ళ గుమ్మం వైపు నడిచింది.