బై టూ కాఫీ, పిప్పిపన్ను

బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ట్రాఫిక్‌ను వారం రోజుల్లో క్షమించేస్తారు, సాంబారును మాత్రం ఏళ్ళు గడిచినా క్షమించరు. "ఇందులో బెల్లం ఎందుకు వేశారండీ?" అని అడుగుతూనే ఉంటారు. అదే ఇంట్లో, ఇక్కడే పుట్టిపెరిగిన పిల్లలు ఆ సాంబారునే మారు పోయించుకుని ఇడ్లీలు ముంచుకు తింటారు. అమ్మానాన్నల జన్యువులే వాళ్ళకీ వచ్చాయి, నాలుక మాత్రం ఈ ఊరిదైంది. అలాగని రుచికీ జన్యువులకీ సంబంధం లేదనుకోకూడదు. చేదు దగ్గర ఆ బంధం చాలా గట్టిది. తీపి దగ్గరికొచ్చేసరికి పలచబడుతుంది. పిప్పిపళ్ళ దగ్గర మరీ చిక్కుపడుతుంది.

చేదు కథ 1931లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో మొదలైంది. ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త పీటీసీ అనే పొడిని సీసాలోకి ఒంపుతుంటే కొంత గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదైపోయిందన్నాడు. ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. ఇద్దరూ కాసేపు వాదించుకుని, అక్కడితో ఆగకుండా ఆ పొడిని నాలుక మీద వేసుకుని మరీ చూశారు. (ఇప్పటి ప్రయోగశాలల్లో అలా చేస్తే ఉద్యోగం పోతుంది.) తర్వాత ఎందరినో పరీక్షిస్తే మనుషులు రెండు రకాలని తేలింది. కొందరికి అది భరించలేని చేదు, సుమారు నలుగురిలో ఒకరికి దాదాపు రుచే ఉండదు. పైగా ఈ తేడా కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుంది. డీఎన్ఏ పరీక్షలు లేని రోజుల్లో తండ్రి ఎవరన్న తగాదాల్లో కూడా ఈ పొడిని వాడారు. 1939లో ఎడిన్‌బరో జంతుప్రదర్శనశాలలో చింపాంజీలకు తాగించి చూస్తే వాటిలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి.

ఈ తేడాకు కారణమైన జన్యువు 2003లో దొరికింది. ఏడో క్రోమోజోమ్ మీద ఉంటుంది, పేరు టీఏఎస్2ఆర్38. చేదును పసిగట్టే గ్రాహకాలు మనకు దాదాపు 25 రకాలున్నాయి, ఈ జన్యువు తయారు చేసేది వాటిలో ఒకటి. ఆ గ్రాహకం ఒక ప్రోటీన్, దాన్ని ఇటుకల్లా పేర్చి కట్టే అమైనో ఆమ్లాలు మూడంటే మూడు చోట్ల మారితే చాలు, పీటీసీ చేదు తెలియకుండా పోతుంది.

పీటీసీ మన వంటింట్లో ఉండదు. కానీ అదే తరహా నిర్మాణం ఉన్న రసాయనాలు క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాల కుటుంబంలో పుడతాయి. బెంగళూరు మార్కెట్లలో కుప్పలుగా కనిపించే నూల్‌కోల్‌దీ అదే కుటుంబం. వాటిలో గాయిట్రిన్ లాంటివి మోతాదు మించితే థైరాయిడ్ గ్రంథిని ఇబ్బంది పెడతాయి, కాబట్టి ఆ చేదును గుర్తుపట్టే నాలుక ఒకప్పుడు అక్కరకొచ్చి ఉండాలి. కాకరకాయ చేదు వేరు. అందులోని పదార్థాలు వేరే తరహావి కాబట్టి, క్యాబేజీని చూస్తేనే మొహం తిప్పుకునే మనిషి కాకరకాయ వేపుడు ఇష్టంగా తినడంలో వింతేమీ లేదు. కాకర ముక్కలకు ఉప్పు రాసి పిండడంలో మన అమ్మమ్మలు రెండు పనులు చేశారు: చేదు రసం కొంత బయటికి పోతుంది, మిగిలిన చేదును నాలుక మీద ఉప్పు అణిచేస్తుంది.

2005లో ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పరిశోధించే మోనెల్ సంస్థవాళ్ళు తల్లులనీ పిల్లలనీ కలిపి పరీక్షించారు. ఈ జన్యువు తీరు ఒకటే అయినా కొందరిలో తల్లికంటే బిడ్డకే చేదు ఎక్కువ తెలిసింది. అంటే క్యాబేజీ కూర వద్దని పిల్లవాడు మారాం చేస్తే అది పూర్తిగా పెంకితనం కాకపోవచ్చు, వాడి నోట్లో నిజంగానే అది మరింత చేదుగా ఉండి ఉండవచ్చు. చేదు ఎక్కువ తెలిసే పిల్లలు తీపి కూడా ఎక్కువ కోరుకున్నారు. తల్లుల్లో మాత్రం ఆ లెక్క కుదరలేదు. వాళ్ళ తీపి ఇష్టాన్ని జన్యువు కంటే వాళ్ళు పెరిగిన సమాజమే ఎక్కువగా నిర్ణయించింది. సాంబారు తగాదాకు ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

తీపికి ఉన్న గ్రాహకం ఒకటే, రెండు ప్రోటీన్లు జతకట్టి తయారవుతుంది. పిల్లుల్లో ఆ రెంటిలో ఒకదాని జన్యువు చెడిపోయింది, అందుకే వాటికి తీపి తెలియదు. మనుషుల్లో తేడాలు చిన్నవి. గ్లూకోజును కణాల్లోకి చేరవేసే జీఎల్‌యూటీ2 అనే ప్రోటీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్ళు చక్కెర ఎక్కువ తింటున్నారని 2008లో కెనడా పరిశోధకులు గమనించారు. అదే మార్పుకూ పిప్పిపళ్ళకూ లంకె కనిపించిందని 2013లో మరో చిన్న అధ్యయనం చెప్పింది. ఆసక్తికరమే గానీ, "నా జన్యువులే నాతో మైసూర్‌పాక్ తినిపిస్తున్నాయి" అనడానికి అది చాలదు.

పన్ను పుచ్చే తీరు చూస్తే సంగతి తేటపడుతుంది. నోట్లోని స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ లాంటి బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ దాన్ని కొలిచే పీహెచ్ అంకె తగ్గుతుంది, అది సుమారు 5.5 కన్నా దిగితే ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి మొత్తం ఎంత చక్కెర తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం. ఇక్కడే బెంగళూరువాళ్ళ బై టూ కాఫీ మోసం చేస్తుంది. దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, ఒక కాఫీని ఇద్దరు పంచుకుంటే చక్కెర సగమే, నిజమే. కానీ పూటకు రెండేసి చొప్పున రోజుకు నాలుగు బై టూలు తాగినవాడి పళ్ళ మీద ఆమ్లం నాలుగుసార్లు దాడి చేస్తుంది. రెండు నిండు కాఫీలు తాగినవాడికి రెండుసార్లే.

ఈ విషయాన్ని తేల్చిన ప్రయోగం సిగ్గుపడాల్సినది. 1940లలో స్వీడన్‌లోని వీపెహోల్మ్ అనే, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ ఆసుపత్రిలో రోగుల అంగీకారంతో పని లేకుండా వాళ్ళకు జిగురు టాఫీలు రోజంతా తినిపించి పళ్ళు పుచ్చబెట్టారు. భోజనంతోపాటు తిన్న చక్కెరకు హాని తక్కువ, భోజనాల మధ్య నమిలిన జిగురు మిఠాయికి చాలా ఎక్కువ అని అలా తెలిసింది.

"మా ఇంట్లో అందరివీ పుచ్చుపళ్ళేనండీ" అనే మాట పంటి డాక్టరు రోజూ వింటారు. వంశం ఇచ్చేవాటిలో జన్యువులు ఒక భాగమే. ఆ బ్యాక్టీరియా కూడా చాలాసార్లు తల్లి నోటి నుంచి బిడ్డ నోటికి చేరుతుంది, ముఖ్యంగా పాలపళ్ళు వచ్చే వయసులో, అన్నం వేడి చూడటానికి నోట్లో పెట్టుకున్న చెంచాతో. ఇంటి చక్కెర డబ్బా కూడా వారసత్వమే. జన్యువుల వాటా మాత్రం కొట్టిపారేయలేం: విడివిడిగా పెరిగిన ఒకేలాంటి కవలల పళ్ళు కూడా పుచ్చడంలో పోలి ఉన్నాయి. అయితే బ్రెజిల్‌లో కవలల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో తీపి ఇష్టాన్నీ పిప్పినీ రెండింటినీ జన్యువులు ప్రభావితం చేస్తున్నా, అవి ఒకే జన్యువులు కావని తేలింది. ఒకే ఇంట్లో మిఠాయిప్రియుడి పళ్ళు చెక్కుచెదరకుండా ఉండి, చప్పిడి మనిషి పళ్ళు పుచ్చడం అందుకే సాధ్యం.

ఎనామెల్ గట్టిదనం, లాలాజలం తీరు, దవడపళ్ళ మీది గాళ్ళ లోతు, ఇవన్నీ కొంతమేరకు పుట్టుకతో వచ్చేవే. లోతైన గాడిలోకి బ్రష్ పోచ దూరదు. దానికి సీలెంట్ ఉంది, పంటి డాక్టరు ఆ గాడిని పలచని పూతతో మూసేస్తారు. ఆరేళ్ళప్పుడు వచ్చే మొదటి శాశ్వత దవడపన్నుకు ఇది బాగా ఉపయోగం. ఆ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వెనకాల చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. అదీ పాలపన్నేననుకుని చాలా ఇళ్ళల్లో పట్టించుకోరు. పిల్లవాడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నోరు తెరిపించి, వెనక పళ్ళు లెక్కపెట్టి చూడండి.