బొల్లి మచ్చలు: పర్లాకిమిడిలో నేను రోజూ వినే మాటలు, అసలు సంగతి

అపోహ: "రక్తం చెడిపోయింది డాక్టరమ్మా, ఒంట్లో శక్తి లేదు, అందుకే మచ్చలు."

రక్తం శుభ్రంగానే ఉంది. మన ఒంట్లో కిల్లర్ టీ సెల్స్ అని ఉంటాయి, వైరస్ పట్టిన కణాన్నో కేన్సర్ కణాన్నో వెతికి చంపడం వాటి పని. దాదాపు మన ప్రతి కణం తన లోపల తయారవుతున్న ప్రోటీన్ల ముక్కల్ని పైకి తెచ్చి చూపిస్తూ ఉంటుంది, టీ సెల్ వచ్చి ఆ ముక్కని, దాన్ని పట్టుకున్న మన సొంత గుర్తుని కలిపి తడిమి చూస్తుంది (1974లో ఇది బయటపెట్టిన శాస్త్రవేత్తలు డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకి 1996లో నోబెల్ వచ్చింది). తేడా అనిపిస్తే ఆ కణానికి అతుక్కుని పెర్ఫోరిన్ అనే ప్రోటీన్ వదిలి చిల్లులు పెడుతుంది, గ్రాంజైములు అనే ఎంజైములు లోపలికి పోతాయి, ఆ కణం తనని తానే ముక్కలు చేసుకుని చచ్చిపోతుంది, టీ సెల్ మాత్రం చెక్కుచెదరకుండా పక్కదాని మీదకి పోతుంది. బొల్లిలో చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లనే అవి శత్రువులనుకుంటాయి. అంటే శక్తి తక్కువై కాదు, గురి తప్పి. అలాంటప్పుడు ఇమ్యూనిటీ పెంచే పౌడర్ కొనిపెట్టడం ఎందుకు చెప్పండి?

అపోహ: "ఇది కుష్టు, అంటుకుంటుంది."

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. మొన్న పాతపట్నం నుంచి ఒకమ్మ పదేళ్ల పాపని తీసుకొచ్చింది, మోకాలి మీద రెండు తెల్ల మచ్చలు, బళ్లో పక్కన ఎవరూ కూర్చోవట్లేదంట. పాపని కళ్లు మూసుకోమని దూది పోగుతో మచ్చ మీద తాకా, తాకిన ప్రతిసారీ సరిగ్గా అక్కడే వేలు పెట్టి చూపించింది. కుష్టు మచ్చలో చాలామందికి స్పర్శ తగ్గుతుంది, రంగు కూడా కాస్త వెలిసినట్టు ఉంటుందే గానీ ఇలా పాలలా తెల్లగా అవ్వదు. బొల్లి ఎవరికీ అంటుకోదు, ఒకే కంచంలో తిన్నా సరే.

చేపలు తిని పాలు తాగితే వస్తుందా? రాదు.

అపోహ: "బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చుంటే పోతుంది."

ఇందులో కొంచెం నిజం ఉంది, అందుకే ప్రమాదం. బావంచాల్లో సోరాలెన్ అని, చర్మం మీద ఎండ ప్రభావాన్ని పెంచే పదార్థం ఉంటుంది, మేమూ దాన్నే కొలత ప్రకారం లైటుతో కలిపి వాడేవాళ్లం. ఇంట్లో కొలతెక్కడిది, ఎండెంత తగిలిందో ఎవరికి తెలుసు? బొబ్బలెక్కి వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో. ఇప్పుడు నేరోబ్యాండ్ యూవీబీ అనే ఒక రకం అతినీలలోహిత లైటు వారానికి రెండు మూడుసార్లు పెడతారు, దానికి మావాళ్లు బస్సెక్కి బరంపురం పోయి రావాలి, నెలల తరబడి, కష్టమే, కానీ మధ్యలో ఆపకండి. రంగు పోగొట్టిన టీ సెల్స్‌లో కొన్ని ఆ మచ్చలోనే కాపు కాసుకుని ఉండిపోతాయి, ఆపితే మచ్చ తిరిగి అక్కడే రావచ్చు.

అపోహ: "ఒకసారి వస్తే ఇక పోదు."

వెంట్రుక కుదుళ్లలో రంగు కణాల విత్తనాలు మిగిలి ఉంటాయి. అందుకే రంగు తిరిగొచ్చేటప్పుడు వెంట్రుక చుట్టూ ఆవగింజంత గోధుమరంగు చుక్కలు ముందు కనిపిస్తాయి. వేళ్ల చివర్లు, పెదాల మీద వెంట్రుకలు లేవు కాబట్టి అక్కడ చాలా ఆలస్యం, ఒక్కోసారి రాదు కూడా, ఆ మాట ముందే చెప్పేస్తా. ఇంకోటి, ఒరుసుకున్న చోట కొత్త మచ్చ లేవొచ్చు, కాబట్టి లంగా బొందు కాస్త వదులుగా కట్టుకోండి, చెప్పు పట్టీ కరుస్తుంటే మార్చేయండి.