పరిశోధన ఫిల్ముల భద్రత: అపోహలు - వాస్తవాలు

యూనివర్సిటీల గోదాముల్లో మిగిలిన వైద్య, మానవశాస్త్ర ఫిల్ములు చాలావరకు 16 ఎం.ఎం. వెడల్పు రీళ్లే.

అపోహ: పాత ఫిల్మ్ అంటే ఎప్పుడైనా అంటుకుంటుంది.
ఆ భయం 1950ల మొదటిదాకా 35 ఎం.ఎం.లో వాడిన, తేలిగ్గా అంటుకునే నైట్రేట్ ఫిల్మ్‌ది. 16 ఎం.ఎం. 1923లో వచ్చిందే సేఫ్టీ ఫిల్మ్‌గా, అంటే సులువుగా అంటుకోని అసిటేట్ ప్లాస్టిక్‌తో. దీనికి పట్టే రోగం వేరు: అసిటేట్ కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది.

అపోహ: డబ్బా మూత గట్టిగా బిగిస్తే చాలు.
ఫిల్మ్ వదిలే యాసిడ్ ఆవిరి లోపలే ఉండిపోతే కుళ్లు ఇంకా వేగంగా సాగుతుంది. తుప్పు కూడా దానికి తోడవుతుంది. రేకు డబ్బా తీసేసి, గాలి ఆడే పాలీప్రొపిలీన్ డబ్బా వాడండి. ముందుగా పాత డబ్బా మీది రాతలన్నీ ఫొటో తీసుకోండి. ముక్కును నమ్మొద్దు, ఎ-డి స్ట్రిప్ (యాసిడ్ తగిలితే రంగు మారే నీలి కాగితం ముక్క) ఒకటి డబ్బాలో రీలుతో పాటు పెట్టి మూసి, గది వేడిలో 24 గంటలు ఉంచండి. నీలం మారకపోతే ఫర్వాలేదు. ఆకుపచ్చకు తిరిగితే స్కానింగ్‌కు ఆ రీలుదే మొదటి వంతు. పసుపైతే ఇక ఆలస్యం చేయొద్దు. చల్లగదిలోంచి తీసిన డబ్బాను ఒక రోజు మూత తీయకుండా ఉంచాలి, లేదంటే ఫిల్మ్ మీద నీరు పడుతుంది.

అపోహ: బూజును తడిగుడ్డతో తుడిచేయొచ్చు.
ఫిల్మ్ మీద బొమ్మను పట్టి ఉంచే పొర జెలటిన్. బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరుగుతుంది. గుడ్డతో పాటు బొమ్మా వచ్చేస్తుంది.

అపోహ: స్కాన్‌ను సెకనుకు 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే సరిపోతుంది.
సినిమాకు సరే, పరిశోధన ఫిల్ముకు ఇదే పెద్ద దెబ్బ. 16 ఫ్రేముల వేగంతో తీసిన రోగి చేతి వణుకు సెకనుకు 4 సార్లు అనుకోండి. 24తో ఆడిస్తే 6 అవుతుంది. చూసే డాక్టరు లెక్క తప్పుతుంది. ఫ్రేముకు ఫ్రేము స్కాన్ చేసి, అసలు వేగాన్ని మెటాడేటాలో (ఫైలుతో పాటు ఉండే వివరాల్లో) రాయాలి. ఆ అంకె ఎక్కువగా కెమెరామన్ నోట్సులోనే దొరుకుతుంది. జర్మనీలో గోటింగెన్ నుంచి 1952లో మొదలైన ఎన్‌సైక్లోపీడియా సినెమాటోగ్రాఫికా అనే పరిశోధన ఫిల్ముల సేకరణ, ఫిల్ముతో పాటు అచ్చు వివరణ కూడా ఇచ్చింది అందుకే కాబోలు. అంచులూ కత్తిరించొద్దు: కొడాక్ ముద్రించిన గుర్తులను బట్టి తయారీ సంవత్సరం తెలుస్తుంది. అవి 20 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి మిగతా ఆధారాలతో పోల్చుకోవాలి.

అపోహ: స్కాన్ అయ్యాక రీలు పారేయొచ్చు.
400 అడుగుల రీలులో 16,000 ఫ్రేములు, అంటే 24 వేగంతో 11 నిమిషాలు. ఫ్రేముకో ఫైలుగా దాచే 2కె డి.పి.ఎక్స్. పద్ధతిలో దాదాపు 200 జీబీ. ఎల్.టి.ఓ. అనే కంప్యూటర్ డేటా టేపులో దాచినా, ఎల్.టి.ఓ.-8 డ్రైవు ఎల్.టి.ఓ.-6 టేపును చదవలేదు. కొన్నేళ్లకోసారి కాపీ తప్పదు. చల్లగదిలో రీలుకు ఆ బెడద లేదు.

అపోహ: డిజిటల్ అయ్యింది కదా, యూట్యూబ్‌లో పెట్టేద్దాం.
ఆసుపత్రి మంచం మీది మనిషి ఇంటర్నెట్‌కు ఒప్పుకోలేదు. బయటివాళ్లు చూడకూడని క్రతువుల సంగతీ అంతే. కేటలాగులో పేరు, తేదీ, నిడివి ఉంచండి. ఫిల్మ్‌ను మాత్రం అడిగినవారికి, కారణం చూసి, రీడింగ్ రూములో చూపించండి.